పెద్ద ముల్లు తీసేసి చూడండి

మా వీధి వాట్సాప్ గ్రూపులో మళ్లీ ఆ ఫార్వర్డే తిరుగుతోంది. బ్రిటన్‌లో పిల్లలకి ముళ్ల గడియారం చూడటం రావట్లేదట, అందుకని కొన్ని బళ్లలో పరీక్ష హాళ్లలోంచి వాటిని తీసేసి డిజిటల్ గడియారాలు పెడుతున్నారట. వార్త నిజమే గానీ 2018 నాటిది. ఏటా ఎవరో ఒకరు ఇవాళ పొద్దున్నే జరిగినట్టు పంపుతారు. కింద మామూలే. పడీపడీ నవ్వే బొమ్మలు, "ఈ కాలం పిల్లలు ఇంతేనండీ" అని నిట్టూర్పులు, "మేమైతే ఎండని బట్టే టైం చెప్పేసేవాళ్లం" అని గొప్పలు. ఆ ఎండ మాట రాసిన పెద్దమనిషి ఫోన్లో అలారం మోగితే తప్ప బీపీ మాత్ర వేసుకోరు. నాకెలా తెలుసంటే, వాళ్లావిడే చెప్పింది.

ఒడిశాలోని జయపురంలో మా ఇంటి ముందు గదిలో సాయంత్రాలు ట్యూషన్ చెబుతుంటాను. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, వీధిలో ఇక్కడి యాస దేశియా, సెల్‌ఫోన్లో ఇంగ్లీషు, ఇన్నిటి మధ్య గెంతుతూ తిరిగే పిల్లలు వాళ్లు. తెలివికేం తక్కువ లేదు. అయినా ఆరో తరగతి, ఏడో తరగతి వాళ్లని గోడ వైపు చూసి టైం చెప్పమంటే చాలామంది నసుగుతారు. కొందరు పెదవులు కదుపుతూ అయిదో ఎక్కం చదువుకుంటారు. కాబట్టి ఫిర్యాదు నిజం కాదని నేననను. పిల్లలకి గడియారం చూడటం నేర్పాలనే నా అభిప్రాయం కూడా. కాకపోతే గ్రూపులో పెద్దలు చెప్పే కారణాలు నాకు నచ్చవు, వాళ్లు నేర్పే పద్ధతి అసలు నచ్చదు.

అవతలి పక్షం

ముందు వద్దనేవాళ్ల మాట విందాం. అందులో పస ఉంది. మా వీధి చివర టిఫిన్ హోటల్ ఆయన ఒకరోజు తగులుకున్నారు. "టీచర్ గారూ, మావాడికి లెక్కల్లో భాగాహారమే రావట్లేదు. మీరేమో గడియారం బొమ్మలు గీయిస్తున్నారు. ఫోనుంది, టీవీ మీద వస్తుంది, బండి మీద వస్తుంది. వాడికది దేనికండీ?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా నాన్నగారికి కానులు, దమ్మిడీలు, వీశెలు, మణుగులు అన్నీ నోటికి వచ్చు. 1957లో నయాపైసలు, ఆ తర్వాత కిలోలు వచ్చాక ఆ లెక్కలు మెల్లగా ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. నాకవి రావు, దానివల్ల నా బతుకేమీ ఆగిపోలేదు. కాలేజీలో లాగరిథం పట్టికలు చూడటం నేర్చుకున్నాను, కాలిక్యులేటర్ చేతికొచ్చిన రోజునే మర్చిపోయాను. మంచి పనిముట్టు వస్తే పాతది మూలపడుతుంది. అందులో తప్పేముంది?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ముళ్ల గడియారం ఏదో ప్రకృతికి దగ్గర, డిజిటల్ యంత్రం అన్నట్టు కొందరు మాట్లాడతారు. మన గోడ మీద టిక్ టిక్ అనేదాని వెనక మూత తీస్తే ఉండేదీ, డిజిటల్ వాచీలో ఉండేదీ ఒకటే జాతి క్వార్ట్జ్ స్ఫటికం. సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. రెండూ లెక్కపెట్టేది ఆ కంపనాలనే. ఒకటి ముళ్లని తోస్తుంది, ఇంకోటి అంకెలు వెలిగిస్తుంది. ఇందులో పవిత్రత ఏమీ లేదు.

నాలుగూ పదహారు

మా పక్కింటి అమ్మాయి 2025లో నీట్ రాసింది. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా. చేతికి వాచీ ఉండకూడదు. ఆ గదిలో గోడ మీద ఒక గడియారం ఉంది. బంగారు రంగు, ముళ్లు రెండూ ఇంచుమించు ఒకే పొడుగు, ఒకే లావు. పిల్ల తలెత్తి చూసి నాలుగూ పదహారు అనుకుంది. నలభై నాలుగు నిమిషాలే ఉన్నాయి, ఫిజిక్స్ ఇంకా ముట్టుకోలేదు. ఒళ్లంతా చెమటలు పట్టాయట. టెన్షన్‌లో వరుసగా ఊహించి బబుల్స్ నింపుకుంటూ పోయింది. కాసేపటికి ఇన్విజిలేటర్ సగం టైం అయిందని చెప్పాక గానీ అప్పుడు మూడున్నరే అని తెలియలేదు. ఓఎంఆర్ జవాబు పత్రం మీద పెన్నుతో నింపినవి చెరపడానికి లేదు. తప్పుకి మైనస్ మార్కు.

సీటు రాలేదు. గడియారం వల్లే రాలేదని ఆ అమ్మాయీ అనదు, నేనూ అనను. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. తను చూసింది మూడూ ఇరవైని. అప్పుడు పెద్ద ముల్లు సరిగ్గా నాలుగు మీద ఉంటుంది. చిన్న ముల్లు మూడు దాటి, నాలుగుకి పోయే దారిలో మూడో వంతు నడిచి ఉంటుంది. రెండిటినీ తారుమారు చేసి చదివితే నాలుగూ పదహారు వస్తుంది. కానీ నిజంగా నాలుగూ పదహారు అయ్యుంటే చిన్న ముల్లు నాలుగు దాటి పావు దూరం పోయి ఉండాలి కదా? సరిగ్గా నాలుగు మీద కూర్చోదు. గడియారంతో పెరిగినవాళ్లకి అక్కడ ఏదో తేడాగా ఉందని చప్పున అనిపిస్తుంది. మూడో తరగతిలో పాఠంగా నేర్చుకుని వదిలేసిన పిల్లకి అనిపించదు.

డిజిటల్ పెట్టి ఉంటే ఈ గొడవే లేదుగా అంటారు. అవును. పరీక్ష హాల్లో అయితే నేనూ డిజిటలే పెట్టమంటాను. ఆ బ్రిటన్ బళ్లు చేసింది సబబే. పరీక్ష పెట్టేది ఫిజిక్స్‌లో, గడియారం చూడటంలో కాదు. మూడు గంటల టెన్షన్‌లో ఉన్న పిల్లలకి ఇంకో చిక్కుముడి ఎందుకు?

ఒంటి ముల్లు

మనం నేర్పే తీరు చూడండి. పెద్ద ముల్లు ఒకటి మీద ఉంటే అయిదు, రెండు మీద ఉంటే పది, మూడు మీద పదిహేను. పిల్లల కళ్లు పెద్ద ముల్లుకే అతుక్కుంటాయి. చిన్న ముల్లు ఏ అంకె దగ్గరుంటే ఆ గంట, అంతే, దాని సంగతి అక్కడితో సరి. నిజానికి టైమంతా చెప్పేది చిన్న ముల్లే. యూరప్‌లో మొదట వచ్చిన యంత్ర గడియారాలకి గంటల ముల్లు ఒక్కటే ఉండేది. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలకం గడియారం చేశాక, నిమిషం లెక్క నమ్మదగ్గదయ్యాక, రెండో ముల్లు మామూలైంది. అంతకుముందు వందల ఏళ్లు జనం ఒంటి ముల్లుతోనే సంతలు, ప్రార్థనలు నడుపుకున్నారు.

చిన్న ముల్లు మనకి ఎంత పట్టదో చెప్పడానికి ఒక ఉదాహరణ. మా బంధువుల అబ్బాయి రైల్వే పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్నాడు. రీజనింగ్‌లో గడియారం లెక్కలు ఉంటాయి కదా. మూడూ నలభైకి రెండు ముళ్ల మధ్య కోణమెంత అని అడిగాను. ఫార్ములా ఉంది: గంటని ముప్ఫైతో, నిమిషాలని అయిదున్నరతో హెచ్చవేసి తీసేయడమే. తొంభై, రెండొందల ఇరవై, తేడా నూట ముప్ఫై డిగ్రీలు. నేను నోరు మూసేలోపే చెప్పేశాడు. భేష్. కాగితం ఇచ్చి ఇప్పుడు ఆ టైం గీసి చూపించరా అన్నాను. పెద్ద ముల్లు ఎనిమిది మీద గీశాడు, సరే. చిన్న ముల్లు నిటారుగా మూడు మీద గీశాడు. అప్పుడు కోణం నూట ముప్ఫై కాదు, నూట యాభై అవుతుంది. ఆ ఇరవై డిగ్రీలే చిన్న ముల్లు ఈ నలభై నిమిషాల్లో నడిచిన దూరం. వాడి లెక్కలో అది ఉంది. వాడి బొమ్మలో లేదు. బొమ్మకేసి కాసేపు చూసి, "పరీక్షలో గీయమనరు కదత్తా" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, అనరు.

ఆ తర్వాతే మా అటక మీది పాత గోడ గడియారం దించాను. ఇది ఎవరైనా ఇంట్లో చెయ్యొచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వెనక పెన్సిల్ సెల్ తీసేయండి. ముందున్న అద్దం ఊడదీయండి, కొన్నిటికి స్క్రూలుంటాయి, కొన్నిటికి క్లిప్పులు. సెకన్ల ముల్లు మధ్యలో గోరు పెట్టి పైకి లేపితే వచ్చేస్తుంది. నిమిషాల ముల్లుని చివర పట్టుకుని లాగితే వంకర పోతుంది, ఇరుసు దగ్గర రెండు వేళ్లతో పట్టి నిటారుగా లాగాలి. కొన్ని గడియారాలకి దాని మీద బుల్లి నట్టు ఉంటుంది, ముందు అది విప్పాలి. అన్నిటికంటే కింద ఉండేది గంటల ముల్లు. దాన్ని కదపకండి. సెల్ వేసి, వెనక బుడిపె తిప్పి టైం సరిచేయండి. ఒంటి ముల్లు గడియారం సిద్ధం.

పిల్లలు వచ్చీరాగానే "టీచర్, గడియారం పాడైపోయింది" అన్నారు. పాడవలేదు, నడుస్తోంది, ఎంతయిందో చెప్పండి అన్నాను. గుసగుసలు. చివరికి అందరికంటే వెనక కూర్చునే పిల్లాడు, ఎక్కాలంటే పారిపోయేవాడు, "నాలుగు దాటింది, నాలుగున్నర ఇంకా కాలేదు" అన్నాడు. ఫోన్లో చూస్తే నాలుగూ ఇరవై. ఇంతకంటే ఏం కావాలి? ఎక్కం లేదు, అయిదులూ పదులూ లేవు. కొన్నాళ్లు పోయాక నేను ఎంతయిందని అడగడం మానేశాను. ఆరింటికి వదులుతాను కదా, ఇంకెంతుంది అని అడిగేదాన్ని. వాళ్లు బొటనవేలూ చూపుడువేలూ గాల్లో చాపి, ముల్లుకీ ఆరుకీ మధ్య ఉన్న జాగాని కొలిచి చూపించేవాళ్లు. ఇంత.

ఆ "ఇంత" కోసమే గడియారం నేర్పాలంటాను. ఎంతయిందో తెలుసుకోవడానికి డిజిటల్ చాలు, నిజానికి అదే మేలు. ఎంత మిగిలిందో, ఎంత పోయిందో తెలియాలంటే డిజిటల్లో తీసివేత చెయ్యాలి. అది కూడా అరవైలో చేసే తీసివేత. ముళ్ల గడియారంలో ఊరికే చూస్తే చాలు.

టైమర్ ఉందిగా

ఇక్కడ నాకే ఒక అనుమానం వచ్చింది. మిగిలిన టైం చూపించడానికి టైమర్లున్నాయి. కంప్యూటర్ మీద రాసే పరీక్షల్లో పై మూల గడువు తరుగుతూ కనిపిస్తుంటుంది. అంతకంటే సులువైనది ఏముంటుంది?

కానీ టైమర్‌కి ఒక గడువు ఎవరో ఒకరు పెట్టాలి. అది ఆ ఒక్క గడువునే చూపిస్తుంది. అయిదింటికి సాలూరు బస్సు ఉందనుకోండి. ఘాట్ దిగేసరికి చీకటి పడుతుంది, ఈ బస్సు తప్పితే ఆ పూటకి ప్రయాణం లేనట్టే. నాలుగింటికి ఇంట్లో ఉన్న మనిషి గడియారం కేసి ఒక్కసారి చూసి, స్నానం ఇంత, సర్దుకోవడం ఇంత, బస్టాండుకి నడక ఇంత అని ఆ గంట పళ్లేన్ని తనే ముక్కలు కోసుకుంటుంది. ముక్కలు కలపొచ్చు, మార్చొచ్చు. స్నానం మానేసి ముఖం కడుక్కోవచ్చు. ఇదంతా మన ఇంట్లో ఆడవాళ్లు పొయ్యి మీద ఓ కన్నేసి రోజూ చేసే పనే. టైమర్ మోగితే లేవడం అలవాటైన పిల్లలు టైమర్ మోగినప్పుడే లేస్తారు. తమ గంటని తాము కోసుకోవడం వేరే విద్య.

దీనివల్ల నా ట్యూషన్ పిల్లలకి మార్కులు పెరిగాయని చెప్పను. ఆరు కాకముందే పుస్తకాలు సర్దేయడం మాత్రం బాగా పెరిగింది.

నర్సు చేతి వాచీ, మామగారి బొమ్మ

మా మేనకోడలు నర్సింగ్ చదువుతోంది. చేరగానే సెకన్ల ముల్లున్న వాచీ కొనుక్కు రమ్మన్నారు. డిజిటల్లో సెకన్లు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి కదా అని అడిగాను. అది నవ్వి తన చెయ్యి పట్టుకోమంది. "అత్తా, నాడి లెక్కపెడుతూ ఆ డిజిటల్ వాచీ చూడు." పెట్టాను. పదహారు, పదిహేడు అని నేను మనసులో అనుకుంటుంటే వాచీ మీద నలభై రెండు, నలభై మూడు అని అంకెలు మారుతున్నాయి. రెండు లెక్కలూ కలిసిపోయి ఏది నాదో తెలియలేదు. ముల్లుకి ఆ బాధ లేదు. అది అంకె చెప్పదు, తిరుగుతుందంతే. ఊపిరి లెక్క అయితే నిమిషం నిండా చూడాలి, కళ్లు రోగి ఛాతీ మీద ఉండాలి, ముల్లు కంటి కొసకి ఆనితే చాలు. నేను విన్న కారణాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఒప్పించింది ఇదే. ఇందులో సంస్కృతి, సంప్రదాయం ఏమీ లేవు. పని ఉంది.

దీనికి ఉల్టాగా, అందరినీ కదిలించే కారణం ఒకటుంది. అది మాత్రం నన్ను ఒప్పించలేదు. మా మామగారికి మరుపు ముదిరినప్పుడు విశాఖపట్నం తీసుకెళ్లాం. డాక్టరు తెల్లకాగితం ఇచ్చి గడియారం గీసి, పదకొండూ పది చూపించమన్నారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఇది మామూలుగా అడిగేదే, టైం కూడా తరచూ అదే ఇస్తారు. జీవితమంతా లెడ్జర్లు రాసిన మనిషి. గుండ్రం చక్కగా గీశారు. పన్నెండంకెలూ కుడిపక్కనే ఒకదానిమీద ఒకటి ఇరికించారు. ఎడమ సగం ఖాళీ. ఒక ముల్లు పదకొండు వైపు, రెండోది పది అంకె వైపు. పది నిమిషాలంటే రెండు మీద పెట్టాలన్నది పోయింది. ఆ కాగితం చూశాక మా ఇంట్లో ఆ రోజు ఎవరం సరిగా అన్నం తినలేదు.

ముళ్ల గడియారం రాని తరం ముసలిదైతే ఈ పరీక్ష ఎలా పెడతారని మా ఆడపడుచు అడిగింది. మంచి ప్రశ్నే. కానీ యాభై ఏళ్ల తర్వాత రాబోయే పరీక్ష కోసం ఇవాళ పిల్లలకి పాఠం చెప్పడమేంటి? అప్పటికి డాక్టర్లు వేరే బొమ్మ చూసుకుంటారు.

మన ఊరి పన్నెండు

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం అంటే అందరూ ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ పేరు చెబుతారు. ఆ గీత కిందికి దిగుతూ మా జయపురానికీ కోట్‌పాడ్‌కీ మధ్య నుంచి పోతుంది. 1906లో మొదలై, ఇవాళ దేశమంతా దిద్దుకుంటున్న టైం దాదాపుగా మా ఊరి టైమే. ఈ ఊళ్లో ఉండి ఈ సంగతి పిల్లలకి చెప్పకపోతే పాపం.

క్రిస్మస్ సెలవుల్లో పెరట్లో ఒక కర్ర పాతితే, గడియారంలో పన్నెండు అయ్యే వేళకే నీడ అన్నిటికంటే పొట్టిగా, సూటిగా ఉత్తరానికి ఉంటుంది. అన్ని నెలల్లో ఇంత సరిగ్గా కుదరదు. ఫిబ్రవరిలో పావుగంట దాకా ఆలస్యం, నవంబరు మొదట్లో పావుగంట ముందు. డిసెంబరు చివర్లో మాత్రం చక్కగా కలుస్తుంది. పిల్లలు ఉత్తరం వైపు తిరిగి నిలబడి చూస్తే నీడ ఎడమ నుంచి మొదలై, ఎదుటికొచ్చి, కుడికి పోతుంది. గడియారం ముల్లు పోయే దారీ అదే. నీడ గడియారాలు చూసి అలవాటైన ఉత్తరార్ధగోళం వాళ్లు చేసిన యంత్రం కదా మరి.

అప్పుడు ఒక పిల్ల, వాళ్ల నాన్న లారీ మీద బస్తర్ వైపు తిరుగుతాడు, "అక్కడ వెనక్కి తిరిగే గడియారాలుంటాయంట టీచర్" అంది. ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో గోండులు కొందరు ఎడమవైపు తిరిగే గడియారాలు వాడతారు. భూమి తిరిగేది అటే, పెళ్లిలో మేము తిరిగేది అటే, గడియారం ఇటెందుకు తిరగాలని వాళ్ల వాదన. ఏది కరెక్టు అని అడిగారు పిల్లలు. రెండిట్లోనూ టైం ఒకటే చూపిస్తుందని చెబితే వాళ్లకి తృప్తి కలగలేదు, ఆ పూటంతా వాదించుకున్నారు. డిజిటల్ గురించి ఇంత గొడవ పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

చుట్టాల ముందు పరీక్ష

మొన్నొక గృహప్రవేశంలో చూశాను. భోజనాల దగ్గర ఒక పెదనాన్న పదేళ్ల కుర్రాణ్ణి పిలిచాడు. "ఏరా, ఫోన్ చూడకుండా ఆ గోడ మీద చూసి టైం చెప్పు." అది కొత్తింటికి ఎవరో బహుమతిగా ఇచ్చిన రోమన్ అంకెల గడియారం. బళ్లో నేర్పే రోమన్ నాలుగు ఒకలా ఉంటుంది, గడియారాల మీద చాలావరకు నాలుగు నిలువు గీతలుంటాయి. అద్దం మీద ఎదుటి కిటికీ మెరుస్తోంది. పిల్లాడు తెల్లబోయాడు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆ పిల్లాడు ఇక గోడ గడియారం కేసి ఇష్టంగా చూస్తాడా?

నవ్వినవాళ్ల ఇళ్లు నేనెరుగుదును. ఒకరింట్లో గడియారం సెల్ అయిపోయింది. ఆగిన గడియారం ఇంట్లో ఉండకూడదన్నారని దించేశారు, నడిపించి తగిలించే ఓపిక లేక అలాగే వదిలేశారు. ఇంకొకరింట్లో గుమ్మం పైన, దేవుడి పటాల వరసలో, తల వెనక్కి వాల్చితే గానీ కనపడని ఎత్తులో ఉంది. హోటల్ ఆయన కొడుక్కి స్మార్ట్ వాచీ కొన్నారు. అందులో ముళ్ల బొమ్మ కూడా పెట్టుకోవచ్చు, ఆయన ఫోన్లాగే దానికీ అంకెలే పెట్టిచ్చారు. రోజూ కంటి ముందు తిరగనిదాన్ని బళ్లో వారం రోజులు చెప్పినంత మాత్రాన ఏ పిల్లలకి నిలుస్తుంది? మూడో తరగతి టీచర్ని అనడానికి ఏమీ లేదు. చెప్పాల్సింది చెప్పింది.

కొనేటప్పుడు మాత్రం అందం చూసి మోసపోకండి. పన్నెండంకెలూ మామూలు అంకెల్లో ఉన్నది, చిన్న ముల్లు నిజంగా పొట్టిగా లావుగా ఉన్నది అడగండి. అంకెల్లేకుండా నాలుగు చుక్కలు పెట్టినవి, నెమళ్ల మధ్య దాక్కున్నవి వద్దు. పిల్లలు చదువుకునే బల్ల ఎదురుగా, వాళ్ల కంటి ఎత్తులో మేకు కొట్టండి. మొదటి నెల పెద్ద ముల్లు తీసేసి వాడండి, తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు. తీసిన ముల్లు అగ్గిపెట్టెలో వేసి, మీద పేరు రాసి దాచండి, లేకపోతే దొరకదు. సెల్ అయిపోయేదాకా ఆగకుండా, ఉగాదికి పంచాంగం కొన్నప్పుడే దానికీ కొత్తది వేసేయండి.